మెడయు దవడయు

దేహమును వైద్యశాస్త్రము పంచుకొన్నట్లు దేహము తన్ను పంచుకొనలేదు. పండ్లు ఒకరికి, చెవి మఱియొకరికి, మెడపూసలు వేఱొకరికి, నరములు ఇంకొకరికి అని శాస్త్రజ్ఞులు సరిహద్దులు గీచుకొన్నారు. విద్య వృద్ధిపొందుటకు ఈ విభజనము అవసరమే గాన దానిని మేము నిందింపము. కాని బాధకు ఆ సరిహద్దులతో పనిలేదు. రెండు పొలముల నడిమి గట్టున మొలచిన ముండ్లచెట్టును ఎవ్వరును కొట్టరు. ఇరుగట్లవారును అది ఎదుటివానిదే యందురు. దీర్ఘకాలపు మెడనొప్పితోపాటు దవడకండరముల బాధయుగల రోగుల గతి నేడు ఇట్లే యున్నది. ప్రాణము తీయని రోగమును గూర్చి పత్రికలో ఇంత చర్చయేల యని కొందఱు పాఠకులు అడుగవచ్చును. ప్రాణము తీయని రోగములే మనుష్యుని పనిని, నిద్రను, అన్నమునందలి రుచిని, ఇంటి నెమ్మదిని ఏండ్ల తరబడి హరించుచున్నవి. ఓర్చుకొనదగినదని లోకము తలచు బాధను ఓర్చువారెవ్వరును లెక్కలోనికి రారు. కావున ఈ విషయమును చేపట్టితిమి.

2020వ సంవత్సరమున ప్రపంచమున మెడనొప్పితో బాధపడినవారు 20 కోట్ల 30 లక్షలమంది యని అంతర్జాతీయ రోగభార గణనము తేల్చినది. వీరిలో పురుషులకంటె స్త్రీలే అధికము. మూడు నెలలకు మించి నిలిచిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక మందురు. ఇట్టివారిలో కొందఱి బాధ మెడతో ముగియదు. ఉదయము నిద్రలేచునప్పటికి దవడ బిగిసియుండును. కణతలు పోటుపెట్టును. జొన్నరొట్టె నమలుట, చెఱకు కొఱుకుట కష్టమగును. ఆవులించునప్పుడు చెవిముందఱ కీలు టక్కుమనును. చెవిలో పోటు పుట్టును గాని చెవిని పరీక్షించిన వైద్యునకు అందేమియు కనబడదు. ఈ బాధలన్నిటిని రోగి ఒకచోట చేర్చి చెప్పడు. మెడ చూపించుకొనబోయినప్పుడు మెడనుగూర్చి మాత్రమే చెప్పును. వైద్యుడును తక్కినవానిని అడుగడు. వ్యాధిలో సగము రోగి యిల్లు దాటకయే యుండిపోవుచున్నది.

మెడకును దవడకును గల సంబంధ మెట్టిదో మొదట తెలిసికొనవలెను. క్రిందిదవడ చెవులముందఱ నున్న రెండు కీళ్ళయందు పుఱ్ఱెకు వ్రేలాడుచున్నది. పుఱ్ఱె మెడపూసలలో మొదటిదానిపై త్రాసుదండెమువలె నిలిచియున్నది. చెంపలలోని నమలెడు కండరములు, కణతలపై విసనకఱ్ఱవలె పఱచుకొన్న కండరములు, దవడ లోపలిప్రక్కనున్న కండరములు ఒకవైపునుండియు, మెడవెనుకటి కండరములు మఱియొకవైపునుండియు ఈ తలను పట్టి యుంచును. పాఠకులు తమ వ్రేళ్ళను మెడవెనుక, పుఱ్ఱె అంచున ఆనించి నోరు పెద్దదిగా తెఱచి చూతురుగాక. దవడ క్రిందికి దిగుచున్నపుడు తల యించుక వెనుకకు వంగుటయు, వ్రేళ్ళక్రింద కండరము కదలుటయు తెలియును. నోరు తెఱచుటయు దవడ యొక్కదాని పనికాదు, మెడయు అందు పాల్గొనును.

ఇంతకంటె ముఖ్యమైన బంధము నరములది. ముఖమున, పండ్లయందు, దవడయందు కలుగు స్పర్శను నొప్పిని మెదడునకు చేర్చునది త్రిధారనాడి. దీని బాధాకేంద్రము మెదడుకాడలో నిలిచిపోక, వెన్నుపాము పైభాగములోనికి, మెడయందలి మొదటి మూడు నాడుల స్థానమువఱకు దిగివచ్చియున్నది. ఆ చోట ముఖమునుండి వచ్చు వార్తలును మెడనుండి వచ్చు వార్తలును ఒకే నాడీకణములపై వచ్చిపడును. రెండు గ్రామముల ఉత్తరములు ఒకే సంచిలో కలిసినచో ఏది ఎచ్చటిదో తెలియనట్లు, మెడలోని బాధ కణతలయందును దవడయందును తోచును. దవడబాధ మెడకును తలకును ప్రాకును. ఒకచోటి నొప్పి చిరకాలము నిలిచినచో ఆ నాడీకణములు మితిమీరిన చురుకుదనము పొంది, స్వల్పమైన ఒత్తిడిని సైతము నొప్పిగా మెదడునకు చాటును. రోగి చెప్పుచోటును రోగపు మూలమును ఎల్లప్పుడు ఒకటి కాకపోవుటకు కారణ మిదియే.

మూడవ బంధము అలవాటుది. పండ్లు ఒకదానినొకటి తాకవలసినది నమలునప్పుడును మ్రింగునప్పుడును మాత్రమే. తక్కిన వేళల పెదవులు మూసియున్నను పండ్లు ఎడముగా నుండుట ప్రకృతిధర్మము. దిగులు, కోపము, తొందఱ, అప్పులవారి పోరు, పరీక్షల భయము, ఇవి కలిగినప్పుడు మనుష్యుడు తనకు తెలియకయే పండ్లు బిగబట్టును. కొందఱు నిద్రలో పటపట కొఱుకుదురు. పగలెల్ల మెడను ఒకే వాటమున నిలిపి పనిచేయువారికి ఈ బిగింపు తోడైనచో కండరములకు విశ్రాంతి యుండదు. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములలో చేటను ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టు స్త్రీలను, చీరాలయందును మంగళగిరియందును గుంటమగ్గముల నేయు నేతగాండ్రను, కుట్టుయంత్రముల ముందఱి దర్జీలను, హైదరాబాదు మహానగరమున కంప్యూటరుల ముందఱ రాత్రింబగళ్ళు కూర్చుండు యువకులను తలచుకొనుడు. వంగుటయే రోగకారణ మని మేము చెప్పుట లేదు. తల వంచి పనిచేయువారందఱికిని నొప్పి కలుగుట లేదు. కదలక గంటలు గడపుట, నిద్ర చాలకుండుట, మనసునకు ఊరట లేకుండుట అనునవి ఏకమైనపుడు దేహమునకు ఓర్పు తఱిగిపోవు నని మాత్రము చెప్పుచున్నాము.

ఇట్టి రోగికి నేడు జరుగుచున్న దేమి? మెడకు ఛాయాచిత్రము తీయుదురు. అందు పూసల అఱుగుదల కనబడును. వయసు మీఱినకొలది నొప్పి యెఱుగనివారి మెడలయందును ఇట్టి అఱుగుదల కనబడునను మాట రోగికి ఎవ్వరును చెప్పరు. తన మెడ అరిగిపోయినదని అతడు ఆ క్షణమునుండి మెడ త్రిప్పుటకే భయపడును. మెడపట్టీ, నొప్పిమాత్రలు, కొంతకాలము విశ్రాంతి, ఇదియే చికిత్స. చెవిపోటునకు చెవివైద్యుని యొద్దకు, తలపోటునకు నరముల వైద్యుని యొద్దకు, దవడకు దంతవైద్యుని యొద్దకు తిరుగును. ఒక్కొక్క వాకిట ఒక్కొక్క చీటి చేతికి వచ్చును. ఆ చీటీలు ఒకదానితో ఒకటి మాటలాడవు. కొన్నిచోట్ల పండ్ల పొందిక సరిగా లేదని మంచిపండ్లను అరగదీయుదురు; నొప్పికి కారణము కాని పంటిని పెఱికివేయుదురు. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదను సామెత ఇచ్చట అక్షరాల సత్యమగుచున్నది. అరగదీసిన పన్ను తిరిగి పెరుగదు.

ఇది మన దేశమునకు మాత్రమే చెందిన దోషము కాదు. అమెరికాదేశపు జాతీయ విజ్ఞానపరిషత్తులు 2020లో దవడకీలు వ్యాధులపై ఒక విపులమైన నివేదికను ప్రకటించినవి. దంతవైద్యమునకును సామాన్యవైద్యమునకును నడుమ నేర్పడిన అగాధమున ఈ రోగులు చిక్కుకొన్నారని ఆ నివేదిక ఎత్తిచూపినది. 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ నందు, దవడకీలు వ్యాధులవలన కలుగు దీర్ఘకాలపు నొప్పికి ఏ చికిత్సలు చేయదగినవో, ఏవి చేయరానివో విమర్శించి ఒక నిపుణసంఘము మార్గదర్శక సూత్రములను వెలువరించెను. ఆ పట్టికను చదివినవారికి కనువిప్పు కలుగును. గట్టిగా సిఫారసు చేయబడినవానిలో, చికిత్సకుడు చేతితో కీలును మెల్లగా కదల్చుట, కండరములలోని గట్టిపడిన నొప్పిబిందువులను చేతితో ఒత్తి సడలించుట, పర్యవేక్షణలో చేయించు దవడ వ్యాయామములును భంగిమ వ్యాయామములును, ఆలోచనలను ప్రవర్తనను చక్కదిద్దు మానసిక చికిత్స, ఇంటివద్ద చేసికొను సాధనతోకూడిన ధైర్యబోధనము ఉన్నవి. పండ్ల పొందికను శాశ్వతముగా మార్చు తొడుగులను, కీలులోని పలుచని బిళ్ళను కోసి తీయు శస్త్రచికిత్సను వారు గట్టిగా వలదన్నారు. నేడు విరివిగా అమ్ముడుపోవు తీసి పెట్టుకొను తొడుగులను, కీలులోనికి ఇచ్చు సూదిమందులను, కండరములను స్తంభింపజేయు బొటులినం సూదులను సైతము సాధారణముగా వాడకుండుటయే మేలని సూచించిరి. ఖరీదైనవి వెనుకకు పోయినవి; చేయి, వ్యాయామము, మంచిమాట అను మూడును ముందుకు వచ్చినవి.

మెడకును దవడకును కలిపి చికిత్స చేయుటనుగూర్చియు పరిశోధనలు లేకపోలేదు. 2011లో ఫోన్ పీకార్ట్స్, లూడ్కె అను పరిశోధకులు మెడనుండి పుట్టు తలనొప్పిగల 43 మంది రోగులను రెండు వర్గములు చేసిరి. ఒక వర్గమునకు మెడకు మాత్రమే హస్తచికిత్స జరిగినది. రెండవ వర్గమునకు దానితోపాటు దవడకండరములకును దవడకీలునకును చికిత్స జరిగినది. రెండవ వర్గమువారికి తలనొప్పి తగ్గుటయే గాక మెడ పనితీరును బాగుపడినది. చికిత్స మానిన తరువాతను ఆ మేలు నిలిచినది. మెడకు మాత్రమే చికిత్స పొందినవారిలో అట్టి మేలు కనబడలేదు. 2013లో వెలువడిన మఱియొక పత్రమున, దవడకు చేసిన చికిత్సవలన మెడ కదలికయే మెఱుగుపడినదని తేలినది. ఇందుకు ప్రతిగా 2019లో బ్రెజిల్ దేశపు పరిశోధకులు దవడబాధగల స్త్రీలకు పైమెడను మెల్లగా కదల్చి, మెడ లోపలి కండరములకు బలమిచ్చు వ్యాయామములు చేయించగా ముఖమునందలి నొప్పియు తలనొప్పి బాధయు తగ్గినవి. దవడకు చేసిన మేలు మెడకు చేరుచున్నది, మెడకు చేసిన మేలు దవడకు చేరుచున్నది. ఒకదానిని విడిచి రెండవదానికే చికిత్స చేయుట చిల్లికుండలో నీరు పోయుటయే.

ఇక ఈ హస్తచికిత్స యెట్టిదో సామాన్యపాఠకుల కొఱకు వివరింతుము. శిక్షణపొందిన ఫిజియోథెరపిస్టు మొదట రోగి చరిత్రను సావధానముగా వినును. మెడ యెంత తిరుగుచున్నదో, నోరు ఎంత తెఱచుకొనుచున్నదో కొలుచును. తెఱచునప్పుడు దవడ ఒక ప్రక్కకు పోవుచున్నదా యని చూచును. చెంపను, కణతను, మెడవెనుకను వ్రేళ్ళతో ఒత్తి, రోగి యెఱిగిన నొప్పి ఎచ్చట లేచునో గుర్తించును. పిదప చేతికి తొడుగు వేసికొని ఒక వ్రేలు నోటిలోపల, మఱియొక వ్రేలు చెంపపై నుంచి నమలెడు కండరమును రెంటినడుమ పట్టి మెల్లగా సడలించును. బొటనవ్రేలిని క్రింది దంతములపై ఆనించి కీలును కొలదిగా క్రిందికి లాగి విడుచును. పైమెడ కీళ్ళను రోగి యోర్చినంత మేరకు, ఊయల నూపినట్లు లయతో కదల్చును. వీనితోపాటు గడ్డమును లోనికి తీసి మెడ లోపలి కండరములను మేలుకొల్పు వ్యాయామమును, నాలుకను అంగుటికి ఆనించి నోరు తెఱచి మూయు సాధనను నేర్పును. ఇందులో బలప్రదర్శనము లేదు. ఫెళఫెళ శబ్దములు లేవు. తొలగిన యెముకను స్థానమున కూర్చుట యని కొందఱు ప్రచారము చేయుదురు గాని అది సత్యము కాదు. ఈ స్పర్శవలన నాడుల అతిచురుకుదనము కొంత శమించి, కండరము సడలి, నొప్పికి భయపడి కదలుట మానిన అంగము తిరిగి కదలునని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయము. చేయి తెచ్చిన ఊరట కొలదికాలపుది. దానిని నిలుపునది రోగి నిత్యము చేయు వ్యాయామమే. ఏండ్లకొలది మంచముపై పండుకొని ఒత్తించుకొనుడని చెప్పు చికిత్సకుడు రోగిని స్వస్థుని చేయుటలేదు, కట్టుబానిసను చేయుచున్నాడు.

ఈ చికిత్సను మేము ఆకాశమునకు ఎత్తుట లేదు. పైన పేర్కొన్న పరిశోధనలు చిన్నవి. చికిత్స చేయువాని చేతిని రోగికి తెలియకుండ దాచుట సాధ్యముకాదు గనుక, నమ్మకమువలన కలిగిన మేలెంత, చేతివలన కలిగిన మేలెంత అని విడదీయుట కష్టము. అందఱికిని ఇది పనిచేయదు. ఈ ఆక్షేపణలు న్యాయమైనవే. కాని వీనిని హస్తచికిత్సపై ప్రయోగించువారు అదే త్రాసును తొడుగులపైనను, సూదులపైనను, పండ్లు అరగదీయుటపైనను ప్రయోగింపవలెను. ఆధారములు సమముగా కొఱతపడినచోట, తప్పిపోయిన యెడల తిరిగి దిద్దుకొన వీలగు మార్గమును ముందు అనుసరించుట వివేకము. సున్నితమైన చేతిపని వలన మేలు కలుగకున్న రోగి మునుపటివలెనే యుండును. పన్ను పోగొట్టుకొన్నవాడు మునుపటివలె నుండడు.

మన పూర్వులకు ఇవియన్నియు తెలియవా యని అడుగు మిత్రులును గలరు. మన ఆయుర్వేద గ్రంథములు మెడ పట్టుటను మన్యాస్తంభమనియు, దవడ పట్టుటను హనుగ్రహమనియు వాతవ్యాధులలో చేర్చి చెప్పినవి. దవడకీలు తప్పినచో కాపడము పెట్టి సరిచేసి కట్టు కట్టవలసిన విధమును సుశ్రుతసంహిత భగ్నచికిత్సలో వివరించినది. ఇవి గర్వింపదగిన విషయములే. కాని రెంటికిని పేర్లు పెట్టిన పెద్దలు రెంటి నరములు కలియు తావును చూచియుండిరని చెప్పుట వారికి గౌరవము కాదు. చూచి, తాకి, పరీక్షించి వ్రాసిన ఆ మహనీయులకు మనము చెల్లింపవలసిన ఋణము వారివలె చూచుట, తాకుట, పరీక్షించుట. వారి పేరు చెప్పి అంగడిలో తైలము అమ్ముకొనుట ఋణవిమోచనము కాదు.

ఇచ్చటనే మఱియొక హెచ్చరిక చేయవలసియున్నది. క్షౌరశాలలో తలకు నూనె రాచిన పిదప గడ్డమును ఒక చేత, తలను ఒక చేత పట్టి మెడను చటుక్కున విఱుచుట మన ఊళ్ళలో ఒక విలాసమైనది. ఆ చప్పుడు వినబడనిచో కొందఱికి క్షౌరము పూర్తియైనట్లు తోచదు. మెదడునకు రక్తము కొనిపోవు రెండు ధమనులు మెడపూసల ప్రక్కరంధ్రములగుండ పైకి పోవుచున్నవి. ఆకస్మికమైన త్రిప్పుటవలన ఆ ధమని లోపలిపొర చిరిగి, అచ్చట రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ మెదడునకు చేరి పక్షవాతము కలుగవచ్చును. 2017లో ఢిల్లీ ప్రాంతమున క్షౌరశాలలో మెడ విఱిపించుకొన్న ఒకరికి ఊపిరి పీల్చుటకు ఆధారమైన విభాజకపటలపు నరము చెడి శ్వాసకష్టము కలిగినట్లు వార్తలు వెలువడినవి. ఇట్టి ప్రమాదము అరుదే. కాని రెండు నిముషముల చప్పుడు సుఖమునకు అరుదైన ప్రమాదమును సైతము కొనితెచ్చుకొన నేల? తప్పు క్షురకునిది మాత్రమే కాదు. అతనికి శరీరశాస్త్రమెవ్వరును నేర్పలేదు, అడిగి విఱిపించుకొనువారము మనమే. తలకు నూనె రాయించుకొనుడు, మెడ విఱువవలదని చెప్పుడు. ఇంటి పెద్దలును పిల్లల మెడలు విఱుచు అలవాటును మానవలెను. హస్తచికిత్స కావలసినవారు చదివి శిక్షణపొంది నమోదైన చికిత్సకునే ఆశ్రయింపవలెను.

అన్ని దవడబాధలును కండరములవి కావనియు ఎఱుగవలెను. వక్క, గుట్కా నమలు అలవాటుగలవారికి నోరు క్రమముగా మూసికొనిపోయి, కారము తగిలిన మంటపుట్టుచున్నచో అది కండరపు బిగింపు కాదు. చెంపలోపలి పొర నారగట్టుచున్నదన్నమాట. కాలక్రమమున అది పుట్టకుఱుపునకు దారితీయగలదు. అట్టివారు మర్దనము చేయించుకొనుచు కాలము వెళ్ళబుచ్చరాదు; ముందు వక్కను విడిచి దంతవైద్యుని చూడవలెను. నడచునప్పుడు, మెట్లెక్కునప్పుడు దవడకును మెడకును ప్రాకు నొప్పి గుండెజబ్బుది కావచ్చును. గాయము తగిలిన కొన్నిదినములకు దవడ బిగుసుకొనుట ధనుర్వాత లక్షణము. జ్వరముతోకూడిన వాపు, కారణములేక బరువు తగ్గుట, చేతులలో బలము సన్నగిల్లుట, నడక తడబడుట, ఎన్నడులేని తీవ్రమైన తలనొప్పి, మాట ముద్దగట్టుట, ఇవి కనబడినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. ఇట్టివానిని ఏరివేసిన పిదపనే చేతికి పని.

ఇప్పుడు కావలసినదేమి? మొట్టమొదట, దీర్ఘకాలపు మెడనొప్పితో వచ్చిన ప్రతి రోగిని వైద్యుడు మూడు ప్రశ్నలు అడుగవలెను: నమలునప్పుడు నొప్పియున్నదా? ఉదయము దవడ బిగిసియుండునా? నోరు ధారాళముగా తెఱచుకొనుచున్నదా? తన మూడు వ్రేళ్ళను నిలువుగా పండ్లనడుమ పెట్టగలడేమో రోగినే చూడుమనవలెను. ఇందుకు యంత్రమక్కఱలేదు, అర్ధనిముషము చాలును. అట్లే దవడబాధతో వచ్చినవానిని దంతవైద్యుడు మెడ త్రిప్పి చూపుమనవలెను.

రెండవది, విద్యాలయముల పని. దంతవైద్య కళాశాలలును ఫిజియోథెరపీ కళాశాలలును ఒకే నగరమున, కొన్నిచోట్ల ఒకే ఆవరణమున నున్నవి. వారమునకొక పూట ఉభయుల అధ్యాపకులును విద్యార్థులును ఒకే బల్లయొద్ద కూర్చుండి ఈ రోగులను కలిసి చూచుటకు అడ్డమేమి? ఇందుకు క్రొత్తకట్టడములు వలదు, క్రొత్తనిధులు వలదు. ఒకరి విద్యను మఱియొకరు గౌరవించుటయే కావలెను.

మూడవది, ప్రభుత్వముల బాధ్యత. దంతవైద్యులకు 1948లోనే ఒక చట్టమేర్పడినది. ఫిజియోథెరపీ మొదలగు అనుబంధ వైద్యవృత్తులకు జాతీయ చట్టము 2021లో గాని రాలేదు. ఈ డెబ్బదిమూడేండ్ల వెనుకబాటును గుర్తించి, నమోదుపట్టికలను ప్రజలకు అందుబాటున నుంచి, చదువులేనివారు ఆ బిరుదును ధరించుటను నివారింపవలెను. అంతకంటె ముఖ్యము, చికిత్స పేదవానికి చేరుట. హస్తచికిత్స ఒక్కనాటితో తీరునది కాదు. కొన్నివారములపాటు పలుమాఱులు రావలెను. దినకూలిపై బ్రతుకు బీడీకార్మికురాలు ప్రతిమాఱును ఒకనాటి కూలిని, బస్సుచార్జీని, చికిత్సరుసుమును పోగొట్టుకొని పట్టణమునకు రాగలదా? రాలేదు. కావున మాత్ర కొనుక్కొని మ్రింగును. ఆ మాత్ర కడుపును మూత్రపిండములను చెఱచుటకు మొదలిడినప్పుడు ప్రభుత్వపు లెక్కలో అది వేఱొక రోగముగా ఎక్కును. శస్త్రచికిత్సకు ధనమిచ్చు పథకములు శస్త్రచికిత్స అక్కఱలేకుండ చేయు చేతికిని ఇంత చోటు చూపవలెను. చేతిపని, వ్యాయామము నేర్చినవాడొకడు ప్రాంతపు ఆసుపత్రినుండి వారమునకొకమాఱు పల్లెకు పోవు ఏర్పాటు చేయుట అసాధ్యమైన కోరిక కాదు.

నాలుగవది, భాష. రోగి చేయవలసిన సాధన నాలుగు పంక్తులలో తేటతెలుగున అచ్చువేసి యిచ్చినచో సగము చికిత్స ఇంటికి చేరును. వైద్యుడు తనకు తెలిసిన పదములలో వ్రాసి, రోగికి అర్థముకాలేదని విసుగుకొనుట న్యాయము కాదు.

ఇక బాధపడు పాఠకులకు ఒకమాట. భయపడకుడు, ఈ నొప్పి మీ యెముకలు విఱుగుచున్నవని చెప్పుట లేదు. పగటివేళ గంటకొకమాఱు మీ పండ్లు తాకుచున్నవా యని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. తాకుచున్నచో పెదవులు మూసి, పండ్లు వీడి, నాలుకను అంగుటికి ఆనించి, ముక్కుతో ఊపిరి పీల్చుడు. నొప్పి హెచ్చుగానున్న దినములలో మెత్తని అన్నము తినుడు. ఆవులింత వచ్చునప్పుడు గడ్డముక్రింద చేయి ఆనింపుడు. వేడిగుడ్డతో చెంపకును మెడకును కాపడము పెట్టుడు. కదలక కూర్చుండు పనిలో అరగంటకొకమాఱు లేచి నాలుగడుగులు వేయుడు, భుజములు త్రిప్పుడు. నిద్రను దొంగిలించుకొనకుడు. వారములు గడచినను తగ్గకున్న, మెడయు దవడయు రెంటిని చూడగల చికిత్సకుని వెదకుడు. ఎవరైనను మొదటినాడే పన్ను అరగదీయుదుమనిన, లేక మెడను ఒక్కపెట్టున త్రిప్పి సరిచేయుదుమనిన, లేచి వచ్చివేయుడు.

వైద్యులకును ఇదియే మా విన్నపము. మీ విద్యల నడుమ గోడలు మీ సౌకర్యమునకై కట్టుకొన్నవి. ఆ గోడల కిరుప్రక్కల నడచి అలసిన రోగి కాళ్ళవైపు ఒక్కమాఱు చూడుడు. అతడు పదివాకిళ్ళు తిరుగుటకు బదులు, మీలో ఒకరు పది అడుగులు నడచి ప్రక్కగదిలోని సహోద్యోగిని పిలువుడు. ఈ దేశమున ఎందఱో తల్లులు రేపటి ఉదయము నొప్పిలేక నోరు తెఱచి, తలయెత్తి, పిలిచిన బిడ్డవైపు మెడ త్రిప్పి చూడగలుగుటకు ఆ పది అడుగులు చాలును.